ఎండాకాలంలో కుక్కతో అడవికా?

పరీక్షలు అయిపోయాయి. ఎక్కడికి వెళ్దామన్న మాట ఇంటింటా నడుస్తోంది. కుక్కను పెంచే ఇళ్లలో దానికి ఇంకో ప్రశ్న తోడవుతుంది: దీన్నేం చేద్దాం? వదిలి వెళ్లడానికి పిల్లలు ఒప్పుకోరు. చివరికి అదీ కారెక్కుతుంది. శ్రీశైలమో, పాపికొండలో, ఇంకాస్త దూరమైతే తడోబానో. నాది పశువైద్యం కాదు, మనుషుల వైద్యం. అయినా ఈ ప్రయాణం వద్దనే చెబుతాను.

అక్కడ కుక్కకు చోటు లేదు. సఫారీ వాహనంలోకి ఎక్కించుకోరు, గుడిలోకి రానివ్వరు. అమెరికాలో తీసుకెళ్తున్నారు కదా అని వీడియోలు చూపిస్తుంటారు. గ్రాండ్ క్యానియన్‌లోనూ దక్షిణపు అంచు వెంట తాడు కట్టి నడిపించాల్సిందే, లోయలోకి దిగనివ్వరు. ఇక మన దగ్గర ఇంటిల్లిపాదీ దర్శనానికి వెళ్తే కుక్క కారులో మిగిలిపోతుంది.

ప్రాణం మీదికి వచ్చేది అక్కడే. బయట 35 డిగ్రీలుంటే మూసిన కారులో అరగంటకే 50 దాటుతుంది. అద్దం రెండంగుళాలు దించినంత మాత్రాన పెద్ద తేడా ఉండదు. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, కుక్కకు పాదాల దగ్గర తప్ప పట్టదు. నాలుక బయటపెట్టి వగర్చడమే దానికున్న దారి. చుట్టూ ఉన్న గాలే వేడెక్కితే అదీ పనిచేయదు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులు మరీ త్వరగా కుప్పకూలతాయి. హస్కీల సంగతి చెప్పనే అక్కర్లేదు, మన ఎండల్లో వాటిని పెంచడమే నాకు అర్థం కాదు. చొంగ విపరీతంగా కారుతున్నా, చిగుళ్లు ఎర్రబడినా, తూలుతున్నా వడదెబ్బే. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి, విసురుతూ పశువైద్యుడి దగ్గరికి పరుగెత్తాలి. నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు. చల్లగా ఉంటుందని రాత్రి బయల్దేరుదామన్నా నల్లమల దారిలో కుదరదు. వన్యప్రాణుల కోసం మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి వాహనాలు ఆపేస్తారు.

మన కుక్క వల్ల అడవికీ ముప్పే. 2018లో గిర్ అడవుల్లో కొద్ది వారాల్లోనే ఇరవైకి పైగా సింహాలు చనిపోయాయి. పరీక్షల్లో బయటపడ్డ వాటిలో డిస్టెంపర్ వైరస్ ఒకటి. అది కుక్కల్లో మామూలుగా కనిపించే జబ్బే. రేసుకుక్కలకు కూడా సోకుతుంది. పైగా చిరుతకు కుక్క ఇష్టమైన ఆహారం. రోడ్డు పక్కన కాలకృత్యాలకని దించితే చిరుతను పిలిచినట్టే.

ఇక మా ఆసుపత్రి దాకా వచ్చే సంగతి. ఘాట్ రోడ్డులో కోతులు కనిపిస్తాయి, కుక్క ఎగబడుతుంది, విడదీయబోయిన వాళ్లకు ఏదో ఒకటి పన్ను దింపుతుంది. కోతి కరిచినా రేబిస్ టీకా తప్పదు. ‘మా కుక్కే కదా, దానికి ఇంజెక్షన్లన్నీ వేయించాం’ అనుకోవద్దు. డాక్టరుకు చూపించాల్సిందే. గాయానికి పసుపు, సున్నం, కారం పూయకండి. ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. యాత్ర ముగించుకుని ఇంటికెళ్లాక చూద్దామని ఆగేవాళ్లే నన్ను ఎక్కువ భయపెడతారు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మా చేతుల్లో ఏమీ ఉండదు. దారిలో కనిపించిన ప్రభుత్వాసుపత్రిలోనే మొదటి డోసు వేయించుకోండి, అక్కడ ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కార్డు దగ్గరుంటే మిగతావి మీ ఊళ్లోనే పూర్తి చేసుకోవచ్చు. రక్తం కారేలా గాయమైతే దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. అందుకోసం పెద్దాసుపత్రికి పంపితే విసుక్కోకుండా వెళ్లండి.

మరి కుక్కను ఎవరికి అప్పగించాలి? దానికి చనువున్న మేనమామో, పక్కింటి వాళ్లో ఉంటే అదే మేలు. ప్రయాణానికి వారం ముందు ఒక రాత్రి అక్కడ ఉంచి చూడండి. తిండి తింటే బెంగ లేదు. డబ్బు తీసుకుని ఉంచుకునే కేంద్రమైతే గాలీ నీడా ఎలా ఉన్నాయో మీరే వెళ్లి చూడండి. టీకా కార్డు అడగకుండానే చేర్చుకుంటామంటే అక్కడ వదలకండి.