నాయన ‘పట్టేసింది’ అన్నాడు, నేను ‘పుల్లింగ్’ అని విన్నా

మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నా. వైవాలో క్యాంబర్, క్యాస్టర్, టో-ఇన్ నిర్వచనాలు తడుముకోకుండా చెప్పి పదికి తొమ్మిది తెచ్చుకున్నవాణ్ని. ఆ తొమ్మిది మార్కులు మా నాయనకి దాదాపు పదిహేను వేలు ఖర్చు పెట్టించాయి.

మాకొక పికప్ బండి ఉంది. నాయన మదనపల్లి మార్కెట్లో టమాటా క్రేట్లు ఎక్కించుకుని పీలేరు, భాకరాపేట ఘాట్ మీదుగా తిరుపతికి తోలతాడు. పోయిన వేసవిలో ఒకరోజు ఫోన్ చేసి, “బండి ఎడమ పక్కకి పోతాందిరా. పట్టేసినట్టుంటాది, బరువుగా” అన్నాడు. నేను మొదటి వాక్యమే విన్నా. నా బుర్రలో అది వెంటనే ‘వెహికల్ పుల్లింగ్ టు లెఫ్ట్’ అయిపోయింది. దానికి నా దగ్గర సిలబస్‌లో జవాబు రెడీగా ఉంది. అలైన్‌మెంట్ చేయించు నాయనా అన్నా.

చేయించాడు. కంప్యూటర్ కాగితం వాట్సాప్‌లో పెట్టాడు, అన్నీ పచ్చ రంగే. బండి మాత్రం లాగుతూనే ఉంది. ఇంకో చోట మళ్లీ చేయించాడు. మళ్లీ పచ్చే. అయితే టైర్ల తప్పే అన్నా. ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించాడు. నిజానికి టైర్ మీద అనుమానం వస్తే ముందు గాలి చూడాలి, తక్కువున్న వైపుకి బండి లాగుతుంది. తర్వాత ముందు టైర్లు రెండింటినీ అటుదిటు మార్చి చూడాలి. లాగుడు కూడా వైపు మారితే తప్పు టైర్‌దే. దీనికి పైసా ఖర్చు లేదు. ఇది నాకు తెలుసు, కానీ చెప్పాలని తోచలేదు. వైవాలో ఎవరూ అడగలేదు కదా!

సెలవులకి ఇంటికెళ్లినప్పుడు నాయనతో పాటు పీలేరు రోడ్డు మీదున్న ఒక షెడ్డుకి పోయా. ఆ మెకానిక్ బండిని ముట్టుకోకుండా ముందు అడిగిన మాట: “ఎప్పుడు లాగుతాది మామా?”

“పొద్దున బయల్దేరేటప్పుడు బాగానే ఉంటాది. రెండు మూడు తూర్లు గట్టిగా బ్రేకు తొక్కినాక మొదలయితాది. టీ తాగి అరగంట నిలబెడితే మళ్లా సరిగ్గానే పోతాది.”

“అయితే అలైన్‌మెంట్ కాదులే. చక్రం వంకర టీ తాగితే పోదు కదా.”

సిగ్గుతో నేను టూల్ బాక్స్ వైపు చూస్తూ నిలబడ్డా. బండిని నాలుగు కిలోమీటర్లు తిప్పుకొచ్చి, ముందు చక్రాల డిస్కుల మీద తలా కాసిని నీళ్లు చల్లాడు. కుడి పక్క ఊరికే తడిసింది. ఎడమ పక్క సుయ్‌మంది. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే ఎడమ చక్రం కదల్లేదు. క్యాలిపర్ మీద గాలి తీసే నిపుల్ కొంచెం వదులు చేశాడు. బ్రేక్ ఆయిల్ చిమ్మింది, చక్రం గిర్రున తిరిగింది. అంటే పిస్టన్ జామ్ కాలేదు. రబ్బరు హోస్ లోపల వాచి మూసుకుపోయింది. పెడల్ తొక్కిన బలానికి ఆయిల్ లోపలికి పోతోంది, కాలు తీశాక వెనక్కి రావడం లేదు. చక్రం ‘పట్టేసి’ ఉండిపోతోంది. నిలబెట్టిన బండికి కోణాలు కొలిచే యంత్రానికి ఇది ఎలా కనపడుతుంది?

రెండు పక్కలా హోసులు, ఆయిల్, కూలి అన్నీ కలిపి పదహారు వందలు. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆ వేడికి బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా కిందికి పోతుంది, బ్రేక్ పడదు. లోడుతో ఘాట్ దిగే మనిషికి దీనర్థం ఏంటో నేను వివరించక్కర్లేదు. మూడు వారాలు నాయన అలాగే దిగాడు. నా సలహా మీద.

అసలు జవాబు మొదటి ఫోన్‌లోనే ఉంది. డ్రైవర్ల తెలుగులో ‘లాగడం’ వేరు, ‘పట్టేయడం’ వేరు, ‘కొట్టుకోవడం’ వేరు. పట్టేసింది అంటే బ్రేకే. నాయన రోగం పేరుతో సహా చెప్పాడు. నేను దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చుకునేటప్పుడు పనికొచ్చే మాటని పారేసుకున్నా. మన క్లబ్‌లో తెలుగు అంటే పద్యాలు, కథలు అనుకుంటాం. షెడ్డులో వాడే ఈ మాటలు కూడా తెలుగే, పైగా ఇవి వినడం రాకపోతే ప్రాణాల మీదికొస్తుంది.

మెకానిక్‌లంతా మేధావులని నేననను. కొత్త టైర్లు అంటగట్టినవాళ్లూ ఆ రంగంలోవాళ్లే, వాళ్లూ ‘ఎప్పుడు?’ అని అడగలేదు. నా గొడవ మన ల్యాబ్‌తోనే. అక్కడ కోసి, రంగులేసి పెట్టిన ఇంజన్ ఉంది, దానికి ఏ జబ్బూ లేదు. దాని బదులు జబ్బున్న పాత బండి ఒకటి పెట్టండి. దాన్ని నడిపినాయన్ని పక్కన కూర్చోబెట్టి, జబ్బేంటో మాకు చెప్పకండి. ఆయన్ని మేం ఏం అడిగామో దానికి మార్కులు వేయండి. క్యాస్టర్ నిర్వచనం తర్వాతైనా చెప్తాం.

వాచిపోయిన ఆ హోస్‌ని నిలువునా కోయించి తెచ్చుకున్నా. ఇప్పుడు హాస్టల్ టేబుల్ మీద ఉంది. ల్యాబ్‌లో పెడతామంటే ఇచ్చేస్తా.