ముందు ఆగటం నేర్పాలి

హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదానికి వెళ్ళినవారెవరైనా అక్కడి 1912 నాటి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారు ముందు ఒక్క నిమిషమైనా నిలువక మానరు. ఆ వాహనం ఇప్పుడు చేయవలసిన పని ఒక్కటే, చూపరులకు కనులపండువు చేయటం. కాని ఏళ్ళ తరబడి మూలపడిన కారును కొని, మళ్ళీ రహదారి మీదికి తీసుకొనిరావాలని సంకల్పించినవారి సంగతి వేరు. ఆ కారు కదలాలి. కదిలిన కారు కోరినచోట ఆగాలి. ఈ రెండింటిలో ఏది ముందు అన్నదే మేమిక్కడ విన్నవించదలచిన విషయం.

ఇందుకు ఇంగ్లండులో పుట్టిన ఎం.జి.బి. అనే స్పోర్ట్స్ కారును ఉదాహరణగా తీసుకుందాం. 1962 నుండి 1980 వరకు ఆబింగ్డన్ పట్టణంలోని కర్మాగారంలో ఇవి ఐదు లక్షలకు పైగా తయారయినాయి. నాలుగు సిలిండర్లు, 1798 సి.సి. ఇంజను, జంట కార్బొరేటర్లు దీని ప్రధాన లక్షణాలు. కర్మాగారం 1980లోనే మూతపడినా, విడిభాగాలు నేటికీ దొరుకుతున్నందున బ్రిటనులో వీటిని కోరి కొనేవారికి కొదువ లేదు. ఏ పాత కొట్టంలోనో ఇరవై, ముప్పై ఏళ్ళుగా దుమ్ము కప్పుకొని ఉన్న బండి కంటబడితే అభిమానుల ఆనందానికి అవధులుండవు. వివేకం అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే.

కొనేవారు మొదట చూడవలసింది రంగూ కాదు, ఇంజనూ కాదు. ఎం.జి.బి.కి వేరుగా ఛాసిస్ ఉండదు. బాడీయే దాని బలం. తలుపుల క్రింద పొడుగునా ఉండే రేకు పెట్టెలు తుప్పుపట్టి చివికిపోతే కారు నడుము విరిగినట్లే. లప్పం పూసి రంగు వేసినచోట అయస్కాంతం అంటుకోదు. గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం చేతనుంటే సగం నిజం అక్కడికక్కడే తేలిపోతుంది. చెడిన ఇంజనును బాగుచేయించవచ్చు, మార్చనూవచ్చు. చివికిన బాడీని సరిచేయించబోతే కొన్న ధరను మించిన ఖర్చు వచ్చిపడుతుంది.

ఇక బండి ఇంటికి చేరిన నాటి ముచ్చట. క్రొత్త బ్యాటరీ బిగించి, సెల్ఫ్ తిప్పి, ఆ చిరకాల మౌనం వెంటనే భంగం కావాలని ఎవరికి ఉండదు? కాని ఈ తొందర ఎన్నో మంచి ఇంజనులను పాడుచేసిందని చెప్పక తప్పదు. సిలిండరు గోడల మీది నూనె ఎప్పుడో జారిపోయి ఉంటుంది. టాంకులోని పెట్రోలు జిగురుగా మారి ఉంటుంది. కనుక స్పార్క్ ప్లగ్గులు ఊడదీసి, ఒక్కొక్క సిలిండరులో చెంచాడు నూనె పోసి, ఒకటి రెండు రోజులు ఊరనిచ్చి, ఆ తరువాత ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పి చూడాలి. పాత ఆయిల్ తీసి క్రొత్తది పోయాలి. టాంకు కడగాలి, పెట్రోలు గొట్టాలు మార్చాలి. 2021 నుండి బ్రిటనులో సాధారణ పెట్రోలులో 10 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. పాతకాలపు రబ్బరుకు అది పడదు. మరొక హెచ్చరిక: 1967కు ముందటి ఎం.జి.బి.లలో బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవారు. నేటి అలవాటు ప్రకారం నెగెటివ్ కొసను కలిపితే నష్టం తప్పదు.

ఇంత చేసినా బండి ఇంకా రోడ్డుకు అర్హం కాదని మా దృఢాభిప్రాయం. బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ తేమ చక్రాల వద్ద ఉండే సిలిండర్లను లోపలి నుండి తినివేస్తుంది. రబ్బరు గొట్టాలు పైకి చక్కగా కనిపిస్తూనే లోపల ఉబ్బి మూసుకుపోతాయి. తొలినాటి ఎం.జి.బి.లలో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే మార్గం. ఎక్కడ ఒక్కచోట కారినా పెడలు నేలను తాకుతుంది. మిగిలేది హాండ్ బ్రేకు ఒక్కటే. టైర్ల గీతలు లోతుగా ఉన్నంత మాత్రాన నమ్మరాదు. గట్టిపడి, ప్రక్కల బీటలు వారిన టైరు వేగాన్ని భరించలేదు. కాబట్టి బ్రేకులు, టైర్లు, స్టీరింగు మొదట. ఇంజను పాట తరువాత.

ఇంజను పనికివస్తుందో లేదో తేలకుండా బ్రేకుల మీద డబ్బు పోయటమెందుకని కొందరు అడుగవచ్చు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. అయితే ఇంజనును పరీక్షించటానికి బండిని వీధిలోకి తీయనక్కరలేదు. నిలిపినచోటనే చక్రాలకు అడ్డుపెట్టి పరీక్షించుకోవచ్చు. మేము వారించేది, ఇంజను మ్రోగిందన్న సంబరంలో బండిని వీధి చివరి దాకా నడిపి చూద్దామన్న ఉబలాటాన్ని మాత్రమే.

చట్టం ఇక్కడ మనలను కాపాడదని గుర్తుంచుకోవాలి. బ్రిటనులో 2018 మే నుండి, నలభై ఏళ్ళు దాటి, పెద్ద మార్పులకు లోనుకాని కార్లకు ఏటేటా చేయించవలసిన తప్పనిసరి పరీక్ష నుండి మినహాయింపు లభించింది. యజమానులు వాటిని శ్రద్ధగా చూసుకొంటారన్న నమ్మకం ఈ మినహాయింపు వెనుక ఉన్నది. కాని ముప్పై ఏళ్ళు కొట్టంలో పడి ఉన్న బండిని అన్నాళ్ళు ఎవరు చూసుకొన్నారు? మినహాయింపు ఉన్నా సరే, రోడ్డెక్కించేముందు స్వచ్ఛందంగా పరీక్ష చేయించటం యజమాని కనీస ధర్మమని మా అభిప్రాయం. మన దేశంలోనూ యాభై ఏళ్ళు పైబడిన వాహనాల రిజిస్ట్రేషన్‌కు 2021లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. నంబరు పలక వచ్చినంత మాత్రాన బ్రేకులు వాటంతట అవి బాగుపడవు.

మరమ్మతు అనే మాట అరబీలో పుట్టి, ఉర్దూ నోట నలిగి, తెలుగువారి సొంతమైనది. ఈ కళాశాలలో రెండు భాషల విద్యార్థులకూ విడమరచి చెప్పనక్కరలేని మాట అది. పాడైన దానిని తిరిగి పనికివచ్చేటట్లు చేయటమే దాని అర్థం. పాత కారు రోడ్డెక్కిన నాడు దాని ఎదుట బడికి వెళ్ళే పిల్లలుంటారు, కర్ర ఊతతో రోడ్డు దాటే వృద్ధులుంటారు. ఆ ఇంజను వయస్సెంతో, దాని ధర ఎంతో వారికి అక్కరలేదు. అది తమ ముందు ఆగుతుందా లేదా అన్నదే వారికి కావలసింది. ఆ ఒక్క ప్రశ్నకు ధైర్యంగా జవాబు చెప్పగలిగిన తరువాతనే, యువమిత్రులారా, తాళంచెవి త్రిప్పండి.