అనుకోని కలయికలు

ఇద్దరు ప్రసిద్ధులు ఒకచోట తారసపడ్డారని వింటే చాలు, లోకం చెవులు రిక్కిస్తుంది. ఎవరు ముందుగా నమస్కరించారు? ఏమి మాట్లాడుకొన్నారు? ఎవరి మాట నెగ్గింది? ఈ కుతూహలం ఎంత గాఢమైనదంటే, అటువంటి కలయిక జరగకపోయినా లోకం ఊరుకోదు. తానే ఒకదాన్ని కల్పించుకొంటుంది. శ్రీనాథుడు పల్లకిలో పోతన పొలం దగ్గరకు వచ్చిన కథ అటువంటిదే. ఆ మహాకవులు బావమరుదులనడానికి ఆధారం లేదని పరిశోధకులు ఎంత చెప్పినా, ఎద్దులు లేకుండానే నాగలి సాగిన ఆ కథను తెలుగువారు వదులుకోలేదు. వదులుకోనక్కరలేదు కూడా. రాజాశ్రయానికీ భక్తికీ నడుమ నిజంగానే ఉన్న సంఘర్షణకు ఆ కథ రెండు మానవరూపాలను ఇచ్చింది. చరిత్ర కాకపోయినా అందులో సత్యం ఉంది.

చిక్కంతా మరొకచోట ఉంది. కొన్ని కల్పిత సమాగమాలు, నిజంగా జరిగిన సమాగమాలను కప్పివేస్తాయి. ఇందుకు నంద్యాల కంటె తగిన ఉదాహరణ దొరకదు.

'భువన విజయం' సాహిత్య రూపకం తెలుగునాట ఎన్ని వేదికలెక్కిందో లెక్కలేదు. పట్టువస్త్రాలు ధరించి, తలపాగాలు చుట్టుకొని అధ్యాపకులే కవులవుతారు. శ్రీకృష్ణదేవరాయలు సింహాసనంపై ఆసీనుడవుతాడు. చుట్టూ ఎనిమిది ఆసనాలు, వాటిలో ఒకటి పింగళి సూరనది. పెద్దన పద్యం చదువుతాడు, తిమ్మన బదులు చెబుతాడు, సూరన చిరునవ్వుతో తన వంతు కోసం వేచి ఉంటాడు. చూడముచ్చటైన సన్నివేశమే! కాని రాయలు పరిపాలించినది 1509 నుంచి 1529 వరకు. సూరన కావ్యరచన సాగినది ఆ తరువాత, పదహారవ శతాబ్ది నడిమి కాలంలో. రామరాజభూషణుని సంగతీ ఇంతే. అతని వసుచరిత్రకు కృతిభర్త తిరుమలదేవరాయలు గాని కృష్ణదేవరాయలు కాడు. అష్టదిగ్గజాలు ఎవరెవరన్న విషయంలోనే పండితులకు ఏకాభిప్రాయం లేదు. అయినా రంగస్థలం మీద ఆ ఎనిమిది ఆసనాలూ ఏటేటా నిండుతూనే ఉన్నాయి.

మరి సూరన నిజంగా కలుసుకొన్న ప్రభువెవరు? ఆరవీటి వంశానికి చెందిన నంద్యాల కృష్ణమరాజు. విజయనగర చక్రవర్తి కాడు, నంద్యాలసీమనేలిన ప్రభువు. ఆయన సూరనను పిలిపించి కోరిన కోరికను కళాపూర్ణోదయం అవతారిక మనకు భద్రపరచింది. వినని కథ కావాలి, దాని అల్లికలో వింత ఉండాలి, శృంగారం ప్రధానంగా ఉండాలి, పుణ్యవస్తు వర్ణనలూ ఉండాలి. ఆ కోరికలోని మొదటి మాటే అసలు విశేషం. అంతకు ముందటి ప్రబంధాలు చాలావరకు పురాణాలనుండి కథను గ్రహించి పెంచినవి. పెద్దనకు మార్కండేయ పురాణం దారి చూపింది, తిమ్మనకు పారిజాతాపహరణ వృత్తాంతం సిద్ధంగా ఉంది. తెలిసిన కథను కొత్తగా చెప్పడం ఒక విద్య. కథనే కొత్తగా పుట్టించడం మరొక విద్య. ఆ రెండవ దానిని అడిగే సాహసం ఒక సీమ ప్రభువుకు ఎందుకు కలిగిందో ఊహించడమే గాని చెప్పడం కష్టం. అడిగినవాడూ, అడిగినది ఇవ్వగలవాడూ ఒకే సభలో, ఒకే కాలంలో ఉండడం మాత్రం సాహిత్యంలో చాలా అరుదుగా జరిగే ఘటన.

సూరన ఇచ్చిన కథ సంగతి చెప్పాలంటే, అది మొదలంటా అనుకోని కలయికల అల్లిక. ద్వారకలో ఉద్యానవనంలో ఉయ్యాల ఊగే కలభాషిణిని నారదుడూ అతని శిష్యుడు మణికంధరుడూ చూడడంతో పడిన ముడి, ఆశ్వాసం వెంట ఆశ్వాసం బిగుస్తూ పోతుంది. కలభాషిణి రంభ రూపం ధరిస్తుంది. అసలు రంభ ఎదురవుతుంది. ఇద్దరు రంభలు ముఖాముఖి నిలిచి, నేను రంభనంటే నేను రంభనని కలహిస్తుంటే చదువరి ముక్కున వేలేసుకొంటాడు. ఆ చిక్కును విప్పడానికి కవి తొందరపడడు. ముందు ఎందుకు చెప్పాడో తెలియని చిన్న విషయం ఎంతో దూరం వెళ్లాక తాళంచెవిలా అమరుతుంది. ఈ నైపుణ్యాన్ని గుర్తించి ఆధునిక విమర్శలో ఘనంగా చాటినవాడు కట్టమంచి రామలింగారెడ్డి. 1914లో వెలువడిన ఆయన కవిత్వతత్త్వవిచారం తెలుగు విమర్శకే కొత్త దారి చూపగా, ఆ దారికి ఆలంబనమైన కావ్యం కళాపూర్ణోదయం. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి దీనిని ఆంగ్లంలోకి అనువదించారు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించింది. నంద్యాల ప్రభువు ఒకనాడు కోరిన కథ అంత దూరం ప్రయాణించింది.

కాని నంద్యాలలోనే చదువుకొనే విద్యార్థులలో ఎంతమందికి కృష్ణమరాజు పేరు తెలుసు? సూరనను రాయల కొలువులో కూర్చోబెట్టి మురిసిపోయే మనం, అతని అసలు కొలువును చీకటిలో వదిలేశాము. ఇందువల్ల నష్టమేమున్నదని కొందరు అడగవచ్చు. రూపకం వినోదం కోసమే కదా అనవచ్చు. నష్టం ఉన్నది. గొప్ప కవిత్వమంతా రాజధానిలోనే, చక్రవర్తి సముఖంలోనే పుట్టిందన్న భ్రాంతి దానివల్ల బలపడుతుంది. మన ఊరిలో ఏమున్నదిలే అనుకొనే పిల్లవాడికి ఆ భ్రాంతి మరొక సాక్ష్యమవుతుంది.

నంద్యాలనుంచి నలభై కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తే ఆళ్లగడ్డ. రాతిని దేవతామూర్తులుగా మలచే శిల్పులకు పేరుపొందిన ఊరు. అక్కడినుంచి నల్లమల వైపు మళ్లితే నరసింహక్షేత్రమైన అహోబిలం. 1515వ సంవత్సరంలో, గజపతులతో యుద్ధాలు సాగుతున్న కాలంలో, రాయలు ఈ క్షేత్రాన్ని దర్శించి స్వామికి ఆభరణాలు సమర్పించాడు. ఆ రాక శాసనానికెక్కింది. అయితే అంతకు ఎంతో ముందు మరొకరు ఇక్కడికి వచ్చారు. ఆ రాకను ఏ శిలా చెప్పదు, మనుమడు చెప్పాడు.

ఆ వచ్చినవాడు తాళ్లపాక అన్నమయ్య. 1408లో జన్మించిన ఆయన అహోబిలంలో శఠకోపముని సన్నిధిలో వేదాంతం అభ్యసించాడని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన అన్నమాచార్య చరిత్రము తెలుపుతుంది. ఆ ముని అహోబిల మఠ స్థాపకుడైన ఆదివన్ శఠకోప యతి అని సంప్రదాయం. ఆయన కర్ణాటదేశంలోని మేల్కోటెలో పుట్టి, కంచిలో చదివి, ఈ అడవికి వచ్చినవాడని మఠపరంపర చెబుతుంది. అన్నమయ్య నందవరీకుడు, ఆ శాఖకు పేరునిచ్చిన నందవరం బనగానపల్లె సమీపాననే ఉన్నది. ద్రావిడ ప్రబంధాల వైష్ణవాన్ని ఎరిగిన యతీ, తెలుగు జానపదుల పలుకుబడిని నాలుకపై నిలుపుకొన్న యువకుడూ ఎదురుపడిన చోటు ఈ కొండలోయ. అప్పటికి అన్నమయ్య ముప్పై రెండు వేల సంకీర్తనల పదకవితాపితామహుడు కాడు, గురువు వద్ద పాఠం నేర్చుకొంటున్న శిష్యుడు. ఆ పాఠం ఫలించిన తీరు ఆయన పదాలలో, ముఖ్యంగా అహోబల నరసింహునిపై పాడిన వాటిలో వినవచ్చు. చక్రవర్తి రాకను చెక్కించిన రాయి గొప్పదే. ఆ శిష్యుని రాకను చెప్పిన ద్విపద అంతకంటె తక్కువది కాదు.

ఇటీవలి కాలంలోనూ నంద్యాల ఒక విచిత్ర సమాగమానికి వేదికయింది. 1991 జూన్‌లో పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయ్యేనాటికి పార్లమెంటులో ఏ సభలోనూ సభ్యులు కారు. నంద్యాల సభ్యుడు గంగుల ప్రతాపరెడ్డి రాజీనామా చేయగా, ఆళ్లగడ్డ కూడా ఒక భాగమైన ఆ నియోజకవర్గం నుంచి ఆయన పోటీ చేశారు. కాంగ్రెసును ఎదిరించడానికే తెలుగుదేశం పార్టీని స్థాపించిన ఎన్.టి. రామారావు, తెలుగువాడు తొలిసారి ప్రధాని అయ్యాడన్న భావనతో అభ్యర్థిని నిలపలేదు. ప్రధాన ప్రత్యర్థిగా నిలిచిన బంగారు లక్ష్మణ్ తరువాత, 2000లో, భారతీయ జనతా పార్టీకి జాతీయ అధ్యక్షులయ్యారు. అయిదు లక్షల ఎనభై వేలు దాటిన ఆధిక్యాన్నే అందరూ గుర్తుంచుకొన్నారు. నిజానికి గుర్తుంచుకోదగినది ఆ సంఖ్య కాదు. వెండితెరపై శ్రీకృష్ణదేవరాయలుగా వెలిగిన నటుడూ, విశ్వనాథ వారి వేయిపడగలను హిందీలోకి తెచ్చిన పండితుడూ రాజకీయ వైరాన్ని ఒక ఎన్నిక మేరకు పక్కన పెట్టడం. ఆ ఇద్దరినీ అంత దూరం తెచ్చినది భాషాభిమానం. అటువంటి మర్యాద మళ్లీ మళ్లీ కనబడేది కాదు.

భువన విజయాన్ని ఆపివేయమని ఎవరూ కోరడం లేదు. ఆ పద్యాలు వినడం ఒక పండుగ. అయితే నంద్యాలలో, ఆళ్లగడ్డలో దానిని ప్రదర్శించేవారు ఇకమీదట మరొక చిన్న రంగాన్ని చేర్చవచ్చు. అందులో సింహాసనం ఉండనక్కరలేదు, ఎనిమిది ఆసనాలూ అక్కరలేదు. కృష్ణమరాజు ఒక్కడు, సూరన ఒక్కడు. సంభాషణ కోసం వెతుక్కోవలసిన పని కూడా లేదు. అవతారికలో ఉన్నదే చాలు.