పాత పిల్లికి నెమ్మది



ఇల్లు మారినా, పసిబిడ్డ పుట్టినా, మరొక పిల్లిని తెచ్చినా పాత పిల్లి మంచం కింద నక్కడం, మూలల్లో మూత్రం పోయడం మనము చూస్తుంటాము. అది పొగరు కాదు, బెదురు. కనుక కొట్టకండి.

కొత్త పిల్లిని కనీసం ఒక వారం వేరే గదిలో ఉంచండి. పిల్లులు ఒకదానినొకటి వాసనతో ఎరుగుతాయి. అందుచేత ఒకటి పడుకున్న గుడ్డను రెండవదాని దగ్గర వేయండి. మూసిన తలుపుకు చెరొకవైపు అన్నం పెట్టండి. రెండూ స్థిమితంగా తింటుంటే, రోజూ కాసేపు ఎదురెదురుగా చూడనివ్వండి. గిన్నెలు, ఇసుక తట్టలు వేరువేరుగా ఉండాలి. చీరుకుంటే మరల విడదీయండి. వారాలు పట్టినా ఓర్చుకోవాలి.

మేము ముఖ్యంగా చెప్పేది ఇది: మగపిల్లి మాటిమాటికీ ముక్కుతూ మూత్రం రాక అవస్థపడుతుంటే ప్రాణాపాయమని ఎరిగి, మరునాటిదాకా ఆగక పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లండి.