ఓట్స్ దిగుబడి ఏ కొలతలో ఉంది? - సాఫ్ట్‌వేర్ సహాయపుటల సమీక్షలో వ్యవసాయ శాస్త్రజ్ఞుల పాత్ర

1931లో ఇంగ్లండులోని రోథంస్టెడ్ పరిశోధనా కేంద్రంలో ఓట్స్ పంటపై ఒక క్షేత్ర ప్రయోగం జరిగింది. గోల్డెన్ రెయిన్, మార్వెలస్, విక్టరీ అనే మూడు రకాలను మెయిన్ ప్లాట్లలోను, నాలుగు నత్రజని మోతాదులను సబ్ ప్లాట్లలోను ఉంచి ఆరు బ్లాకులలో అమర్చిన స్ప్లిట్ ప్లాట్ ప్రయోగమది. ఫ్రాంక్ యేట్స్ 1935లో తన వ్యాసంలో దీనిని ఉదాహరణగా వాడిన నాటినుండి ఆ 72 దిగుబడి అంకెలు పాఠ్యపుస్తకాలలో తిరుగుతూనే ఉన్నాయి. నేడు 'ఆర్' భాషలోని అనేక ప్యాకేజీలలో అవి అభ్యాస దత్తాంశంగా లభిస్తున్నాయి. మన స్నాతకోత్తర విద్యార్థులు స్ప్లిట్ ప్లాట్ విశ్లేషణ నేర్చుకొనేది తరచుగా ఈ ఓట్స్ మీదనే.

'మాస్' ప్యాకేజీ సహాయపుటలో ఈ దిగుబడులు సబ్ ప్లాటుకు పావు పౌన్లలో ఉన్నాయని, సబ్ ప్లాటు విస్తీర్ణం ఎకరంలో 80వ వంతు అని స్పష్టంగా రాసి ఉంటుంది. వ్యవసాయ ప్రయోగాల దత్తాంశాలను ఒకచోట చేర్చిన 'అగ్రిడాట్' ప్యాకేజీ కూడా ఇదే చెబుతుంది. కాని అంతే ప్రసిద్ధమైన మరొక ప్యాకేజీ సహాయపుటలో, నేను చదివిన ప్రతిలో, అవే అంకెలకు కొలమానం ఎకరాకు బుషెళ్లు అని ఉంది. అంకెలలో ఏ మార్పూ లేదు, మారినది పక్కనున్న మాట మాత్రమే.

ఈ తేడా ఎంతటిదో లెక్క వేసి చూద్దాం. 72 సబ్ ప్లాట్ల సగటు సుమారు 104. పావు పౌన్ల లెక్కన అది ఎకరాకు 2,080 పౌన్లు, అనగా హెక్టారుకు దాదాపు 2,330 కిలోలు. బుషెళ్ల లెక్కన, అమెరికా ఓట్స్ బుషెలును 32 పౌన్లుగా తీసుకొంటే, హెక్టారుకు 3,730 కిలోలు. నడుమ 14 క్వింటాళ్ల అంతరం. నత్రజని స్పందన సంగతి ఇంకా ముఖ్యమైనది. గరిష్ఠ మోతాదు ఎకరాకు 0.6 హండ్రెడ్‌వెయిట్, అంటే హెక్టారుకు సుమారు 75 కిలోలు. నత్రజని వేయని మడుల సగటు 79.4, గరిష్ఠ మోతాదు వేసిన మడుల సగటు 123.4. మొదటి కొలమానం ప్రకారం కిలో నత్రజనికి అదనంగా వచ్చినది 13 కిలోల గింజ, రెండవదాని ప్రకారం 21 కిలోలు. ఎరువు సిఫారసు చేసే మనబోటివారికి ఈ రెండు సంఖ్యలూ ఒకటి కావు. ఒకటి రైతుకు గిట్టుబాటు అవుతుందో లేదో ఆలోచించవలసినది, రెండవది కళ్లు మూసుకొని చెప్పదగినది.

అయినా ఇది చాలామంది కంట పడలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. కొలమానం ఏదైనా ఎఫ్ విలువ మారదు, సంభావ్యత మారదు, రకాల వరుస మారదు. గణాంక శాస్త్రజ్ఞునికి కావలసినవన్నీ సరిగానే వస్తాయి. దిగుబడి సంఖ్యను చూడగానే "ఇది ఆ పంటకు, ఆ కాలానికి, ఆ ఎరువుకు తగినదేనా" అని అడిగే అలవాటు పొలంలో నిలబడినవారికే ఉంటుంది. ఆ అలవాటున్నవారు ఈ పుటలను సమీక్షకుల దృష్టితో చదవడం లేదన్నదే నా ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో నేనూ ముద్దాయినే.

కొన్నేళ్ల క్రితం నా మార్గదర్శకత్వంలో ఒక విద్యార్థి కలుపు యాజమాన్యంపై ప్రయోగం చేశాడు. ఎనిమిది ట్రీట్‌మెంట్లు, మూడు రెప్లికేషన్లు. ఫీల్డ్ పుస్తకంలో ట్రీట్‌మెంట్లకు 1 నుండి 8 వరకు అంకెలు వేసి, ఆ అంకెలనే కంప్యూటరులోకి ఎక్కించి, సహాయపుటలోని ఉదాహరణను చూచి అలాగే ఆదేశం రాశాడు. ఫలితం వచ్చింది, పట్టిక వచ్చింది, నక్షత్రపు గుర్తులూ వచ్చాయి. నేను సంతకం చేశాను. మౌఖిక పరీక్షకు వచ్చిన బయటి పరీక్షకులు పట్టికను చూచి, "అయ్యా, ఎనిమిది ట్రీట్‌మెంట్లకు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ ఒకటేనా?" అని అడిగారు. ఏడు ఉండవలసిన చోట ఒకటి ఉంది. ట్రీట్‌మెంట్ అంకెలను ఆర్ సంఖ్యలుగా భావించి, వాటి మీదుగా ఒక సరళరేఖను గీసి ఇచ్చింది. చేతితో కలుపు తీసిన మడి, కలుపు మందు చల్లిన మడి, ఏమీ చేయని మడి, వీటన్నిటినీ ఒకే రేఖపై వరుసగా పేర్చినట్లన్నమాట. ఆ గదిలో తల దించుకొన్నది విద్యార్థి ఒక్కడే కాదు.

తప్పు మాదే, సందేహం లేదు. అయితే ఆ రాత్రి ఆ సహాయపుటను మొదటి నుండి చివరి దాకా చదివినప్పుడు ఒక విషయం అర్థమైంది. ఆర్‌లో విస్తృతి విశ్లేషణ చేసే మూల ప్రమేయపు పుటలో ఉదాహరణగా ఉన్నది బఠాణీపై నత్రజని, భాస్వరం, పొటాషియం ప్రయోగం. ఆరు బ్లాకులు, 24 మడులు. ఆ దత్తాంశంలో బ్లాకులు, ఎరువులు ముందే వర్గాలుగా ప్రకటించబడి ఉంటాయి. కనుక సంఖ్యను వర్గంగా మార్చే మెట్టు ఉదాహరణలో ఎక్కడా కనబడదు, కనబడవలసిన అవసరమూ అక్కడ లేదు. ఆ ఆదేశాన్నే నకలు చేసి తన ఫైలుపై ప్రయోగించిన విద్యార్థికి మాత్రం ఆ కనబడని మెట్టు దగ్గరే కాలు జారుతుంది. ఉదాహరణ అబద్ధం చెప్పలేదు, శుభ్రం చేసిన దత్తాంశంతో మొదలుపెట్టిందంతే. మన దత్తాంశం శుభ్రంగా ఉండదని రాసినవారికి ఎవరూ చెప్పలేదు.

ఆ పుట అడుగున ఉన్న గమనికను కూడా ఇక్కడ ప్రస్తావించాలి. ఈ ప్రమేయం సమతుల్య ప్రయోగాల కోసం రూపొందించబడిందని, కొన్ని విలువలు లోపిస్తే సమతుల్యత చెడుతుందని, అప్పుడు ఫలితాలను అర్థం చేసుకోవడం కష్టమవుతుందని అందులో హెచ్చరిక ఉంది. మంచి హెచ్చరిక. మన పొలాలలో విలువలు లోపించని సంవత్సరం ఎన్నడు? తుపానుకు పడిపోయిన మడి, ఎలుకలు కొట్టిన మడి, అడవిపందులు దూరిన మడి ప్రతి ప్రయోగంలోనూ ఉంటుంది. మనకు అన్నిటికంటే అవసరమైన వాక్యం అందరికంటే తక్కువమంది చదివే చోట ఉంది. దానిని పైకి తెమ్మని అడగడం కూడా సమీక్షే.

మళ్లీ రోథంస్టెడ్ ఓట్స్‌కు వస్తాను, ఎందుకంటే స్ప్లిట్ ప్లాట్ దగ్గరే మనవారు ఎక్కువగా దెబ్బతింటున్నారు. వరిలో నీటి యాజమాన్యం మెయిన్ ప్లాట్లలో, నత్రజని సబ్ ప్లాట్లలో పెట్టడం మనకు సర్వసాధారణం, గట్లు వేసి నీరు కట్టడానికి పెద్ద మడి కావాలి గనుక. అటువంటి ప్రయోగంలో రెండు ఎర్రర్లు ఉంటాయని పాన్సే, సుఖాత్మే పుస్తకం చదివిన తరానికి కంఠోపాఠం. ఓట్స్ ప్రయోగంలో రకాల మధ్య తేడాను మెయిన్ ప్లాట్ ఎర్రర్‌తో, అంటే 10 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ గల 601.3తో పోలిస్తే ఎఫ్ విలువ 1.49, సంభావ్యత 0.27. రకాల మధ్య తేడా రుజువు కాలేదు. ఆదేశంలో ఎర్రర్ పదాన్ని రాయడం మరచిపోతే ఆర్ అభ్యంతరం చెప్పదు. రెండు ఎర్రర్లనూ కలిపివేసి 55 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌తో లెక్క కడుతుంది. అప్పుడు ఎఫ్ విలువ 3.51, సంభావ్యత 0.037. ఒక్క పదం లోపించినందున లేని రకపు ప్రభావం ఉన్నట్టు తేలుతుంది. ఓట్స్ రకాలకు 90 ఏళ్లు దాటాయి గనుక ఎవరికీ నష్టం లేదు. అదే పొరపాటు ఇప్పుడు మినికిట్‌కు పోవలసిన వరి రకం విషయంలో జరిగితే నష్టం ఎవరిదో చెప్పనక్కరలేదు.

పెరూ దేశపు గణాంక శాస్త్రజ్ఞుడు ఫెలిపె ద మెండిబురు రూపొందించిన 'అగ్రికోలే' ప్యాకేజీ మన విభాగాలలో విరివిగా వాడబడుతోంది. ప్రయోగ విన్యాసాలు గీయడం నుండి ట్రీట్‌మెంట్లకు అక్షరాలు వేయడం దాకా అన్నీ ఒకచోట దొరకడం దాని గొప్పతనం. అందులో ఎల్‌ఎస్‌డీ పరీక్షకు ఎర్రర్ విలువను, దాని డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను వాడుకరే అందించవచ్చు. ఏ ఎర్రర్ అందించాలన్నది వాడుకరి విజ్ఞతకే వదలబడింది. సాధనం అంతవరకే చేయగలదు. ఆ విజ్ఞతను కలిగించే రెండు వాక్యాలు, ఒక వరి ఉదాహరణ చేర్చి పంపవలసినవారు దానిని రోజూ వాడుతున్న మనమే.

సహాయపుటలు ఎలా తయారవుతాయో మన సహోద్యోగులలో చాలామందికి తెలియదు, కనుక క్లుప్తంగా చెబుతాను. ప్యాకేజీ రచయిత ప్రతి ప్రమేయానికి ఒక చిన్న వివరణ ఫైలు రాస్తాడు. ప్యాకేజీని ఆర్ భాండాగారానికి పంపేటప్పుడు యంత్రం దానిని తనిఖీ చేస్తుంది. ప్రతి ఆర్గ్యుమెంటుకూ వివరణ ఉందా, ఉదాహరణలు ఆగకుండా నడుస్తున్నాయా అని చూస్తుంది. ఆ వివరణ నిజమా, ఉదాహరణ అర్థవంతమా అని చూడదు, చూడలేదు. బుషెళ్లు అని రాసినా, పౌన్లు అని రాసినా యంత్రానికి ఒకటే. ఆ ఖాళీని పూరించవలసినది మనిషే, అందునా విషయం తెలిసిన మనిషి. ప్రతి ప్యాకేజీకీ నిర్వాహకుని చిరునామా బహిరంగంగా ఉంటుంది, చాలా ప్యాకేజీలకు ఎవరైనా సవరణ ప్రతిపాదించే ఏర్పాటూ ఉంటుంది. దీనికి ప్రోగ్రామింగ్ ప్రావీణ్యం అక్కరలేదు.

"అది మన పని కాదు, సాఫ్ట్‌వేర్ వారి పని" అనే మాట విభాగ సమావేశంలో విన్నాను. ఈ వాదనకు నేను అంగీకరించను. డబ్బిచ్చి కొన్న సాఫ్ట్‌వేర్ విషయంలో అలా అనవచ్చు. ఇవి అత్యధికం జీతం లేని శ్రమతో నడుస్తున్నవి, వాటిపై మనం ఉచితంగా సిద్ధాంత గ్రంథాలు కట్టుకొంటున్నాం. కనీసం ఉదహరించడం కూడా లేదు. "ఆర్ సాఫ్ట్‌వేర్‌తో విశ్లేషించబడినది" అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నాం. ఏ ప్యాకేజీ, ఏ వెర్షన్ అన్నది లేదు. 2020లో వచ్చిన ఆర్ 4.0.0 నుండి అక్షర రూపంలో ఉన్న గడులను ఆర్ తనంతట తాను వర్గాలుగా మార్చడం మానివేసింది. కనుక పాత ఆదేశపు వరుస కొత్త వెర్షన్‌లో వేరుగా ప్రవర్తించే సందర్భాలున్నాయి. వెర్షన్ రాయని పరిశోధన గ్రంథంలోని విశ్లేషణను పదేళ్ల తరువాత ఎవరు తిరిగి చేయగలరు?

మరొక వైపు కూడా జాగ్రత్త అవసరం. సమీక్ష పేరుతో కామాలు దిద్ది, స్పెల్లింగ్ మార్చి, ధ్రువపత్రంలో చూపుకోవడానికి డజన్ల కొద్దీ సవరణలు పంపడం నిర్వాహకుల సమయాన్ని తినివేయడమే. పుటను పొడిగించడం కూడా మెరుగుపరచడం కాదు. నా అభిప్రాయంలో సమీక్షకుడు మొదట చేయవలసినది ఉదాహరణను తన సొంత ప్రయోగపు దత్తాంశంతో నడిపి చూడడం. ఎక్కడ ఆగిందో అక్కడే పుటలో లోపం ఉంటుంది, లేదా మనలో ఉంటుంది. రెండూ తెలుసుకోదగినవే. తరువాత కొలమానాలు, మడి విస్తీర్ణం, పంట కాలం ఉన్నాయా చూడాలి. ఈ పద్ధతిని ఎప్పుడు వాడరాదో చెప్పే వాక్యం ఉందా అని వెతకాలి. అది సాధారణంగా ఉండదు.

2016లో ప్రారంభమైన జర్నల్ ఆఫ్ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అనే పత్రికలో సమీక్షకులు వ్యాసంతో పాటు ప్యాకేజీ వివరణలను, ఉదాహరణలను కూడా పరిశీలించడం నియమం. అక్కడ దానిని విద్వత్కార్యంగా గుర్తించారు. మన పదోన్నతి స్కోరు పట్టికలో దానికి గడి లేదు. ఉండాలని నా ప్రతిపాదన. అంతవరకు ఆగనక్కరలేకుండా ఒక పని చేయవచ్చు. ఎం.ఎస్సీ. సెమినార్ క్రెడిట్ కింద ప్రతి విద్యార్థి తాను వాడబోయే ప్రమేయపు సహాయపుట ఒక్కదానిని సమీక్షించి, లోపాలుంటే సవరణ రాసి, ఆ రాతప్రతిని విభాగంలో చర్చకు పెట్టాలి. గణాంక విభాగం నుండి ఒకరు, సస్యశాస్త్రం నుండి ఒకరు ఆ చర్చలో కూర్చోవాలి. సిద్ధాంత గ్రంథానికి అనుబంధంగా ఆదేశాల పూర్తి ప్రతి, వెర్షన్ సంఖ్యలతో సహా జతచేయాలి. దీనికి ప్రత్యేక నిధులు అవసరం లేదు.

ఓట్స్ పుట విషయమై ఆ ప్యాకేజీ నిర్వాహకులకు పంపడానికి ఒక లేఖ సిద్ధం చేశాను. మొత్తం ఆరు వాక్యాలు, కింద ఒక చిన్న మార్పిడి పట్టిక. రాయడానికి పదిహేను నిమిషాలు పట్టింది. రాసినది సరైనదేనని నిర్ధారించుకోవడానికి రెండు సాయంత్రాలు పట్టింది, అందులో ఒకటి యేట్స్ మూల వ్యాసాన్ని వెతకడానికే సరిపోయింది.