పాత బస్సు కొన్న తర్వాతే అసలు ఖర్చు

హుస్నాబాద్: మాఘమాసం పెండ్లిళ్లు మొదలైతే చాలు, హుస్నాబాద్, కోహెడ, అక్కన్నపేట, భీమదేవరపల్లి రోడ్ల మీద పసుపు రంగుపై తెల్లరంగు పూసిన బస్సులు కనిపిస్తాయి. రంగు కింద ఏదో ఒక పాఠశాల పేరు ఇంకా లీలగా చదువుకోవచ్చు. విద్యాసంస్థలు పదిహేనేళ్లు దాటిన బస్సు నడపరాదని నిబంధన ఉన్నందున, పన్నెండు పదమూడేళ్లకే వాటిని వదిలించుకుంటున్నాయి. అవి చౌకగా దొరకడంతో మన పల్లెల యువకులు నలుగురైదుగురు కలిసి, ఒకరు ఎకరం కుదువపెట్టి, ఒకరు మిత్తికి తెచ్చి, బస్సు యజమానులు అవుతున్నారు. సంకల్పం మంచిదే. వర్షం నమ్ముకున్న ఎవుసం ఒక్కటే ఆధారమైన ఈ మెట్ట ప్రాంతంలో మరొక జీవనాధారం వెతుక్కోవడాన్ని ఎవరూ తప్పుపట్టరు. అయితే కొన్న ఆరు మాసాలకే ఆ బస్సు ఊరి చివర చింతచెట్టు కింద నిలబడిపోవడం, భాగస్తుల మధ్య పంచాయితీలు జరగడం కూడా ఈ ప్రాంతంలో కొత్త కాదు. లోపం ఎక్కడున్నదో ఆలోచించవలసిన అవసరం ఉన్నది.

మొదటి లోపం, బస్సు అంటే టికెట్టు డబ్బులనుకోవడం. హుస్నాబాద్ నుంచి కరీంనగర్‌కో, సిద్దిపేటకో జనాన్ని ఎక్కించుకుని పోతే రోజూ ఇంత వస్తుందని లెక్క వేసుకుంటారు. అది కుదరదు. ప్రైవేటు బస్సుకు దొరికేది కాంట్రాక్టు క్యారేజీ పర్మిట్. ఒక బృందంతో ముందే ఒప్పందం చేసుకుని, వారిని తీసుకుపోయి తీసుకురావాలి. దారిలో చెయ్యెత్తిన వారిని ఎక్కించి టికెట్టు వసూలు చేయడం ఆ పర్మిట్‌కు విరుద్ధం. పట్టుబడితే బస్సును సీజ్ చేస్తారు. పైగా 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. డబ్బు పెట్టి ప్రైవేటు బస్సు ఎక్కే ఆడవారు ఎందరుంటారు? కనుక పాత బస్సుకు మిగిలేవి పెండ్లిళ్లు, జాతరలు, తీర్థయాత్రలు, కూలీల రవాణా మాత్రమే. సంక్రాంతికి కొత్తకొండ, మాఘంలో పెండ్లిళ్లు, రెండేళ్లకొకసారి మేడారం, ఎండాకాలంలో మళ్లీ పెండ్లిళ్లు. మిగిలిన రోజుల్లో బస్సు ఖాళీగా నిలబడుతుంది. కానీ పన్ను నిలబడదు, మిత్తి నిలబడదు, బీమా గడువూ నిలబడదు.

ఆర్టీసీకి అద్దెకు ఇవ్వవచ్చు గదా అని కొందరు అడుగుతున్నారు. ఆర్టీసీ అద్దె బస్సులకు టెండర్లు పిలిచే మాట నిజమే. 2025 మార్చి 8న మహిళా సమాఖ్యల బస్సులను కూడా అద్దెకు తీసుకోవడం ప్రారంభించింది. కాని అవి కొత్త బస్సులు. పన్నెండేళ్ల పాఠశాల బస్సును తీసుకుపోయి డిపో గేటు ముందు నిలబెడితే తిప్పి పంపుతారు.

కొనే ముందు

బస్సు చూడడానికి పోయేవారు పొద్దున్నే పోవాలి. అమ్మేవారు గంట ముందు ఇంజన్ నడిపి వేడి చేసి పెడతారు. వేడి ఇంజన్ ఎవరికైనా మంచిగానే స్టార్ట్ అవుతుంది. రాత్రంతా చల్లబడిన ఇంజన్‌ను మన ఎదుట స్టార్ట్ చేయించాలి. సెల్ఫ్ ఎంతసేపు తిరిగింది, పొగ ఏ రంగులో వచ్చింది చూడాలి. నల్ల పొగ అయితే ఎయిర్ ఫిల్టరో, పంపు, నాజిళ్లో అనుకోవచ్చు. అది బాగయ్యే జబ్బు. నీలిపొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతున్నదని అర్థం, ఇంజన్ బోరుకు వచ్చినట్టే. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపలి నుంచి పొగ ఆవిరిలా కొడుతుంటే ఇంక మాట్లాడకుండా ఇంటికి రావడం మంచిది. మీటరు మీది కిలోమీటర్లను నమ్మరాదు. క్లచ్, బ్రేకు పెడళ్ల రబ్బరు ఎంత అరిగిందో చూస్తే బస్సు వయసు అదే చెబుతుంది.

పాఠశాల బస్సు తక్కువ కిలోమీటర్లు తిరిగి ఉండవచ్చు. కాని ప్రతి అర కిలోమీటరుకూ ఆగి బయలుదేరినది కనుక క్లచ్, బ్రేకులు ఎక్కువ అరిగి ఉంటాయి. కరోనా కాలంలో, 2020, 2021 సంవత్సరాల్లో, మాసాల తరబడి ఎండకూ వానకూ నిలబడిన బస్సులు ఇంకా అమ్మకానికి వస్తున్నాయి. వాటికి ఇంజన్ కంటే కింది భాగం ముఖ్యం. బస్సు కిందికి దూరి చాసిస్‌కు, ఫ్లోర్ కింది అడ్డపట్టీలకు తుప్పు ఎంత పట్టిందో సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమంటే ఇనుము ఉన్నట్టు, బొద్దుగా మోగితే తుప్పు ఉన్నట్టు. పైన సీట్లకు కొత్త రెగ్జిన్ వేసి, కిటికీలకు పరదాలు కట్టి అమ్మే బస్సుల్లో ఈ తనిఖీ మరీ అవసరం. ఆర్టీసీ వేలంలో అమ్మే బస్సుల సంగతి వేరు. అవి లక్షల కిలోమీటర్లు తిరిగి, ఇక పనికి రావని సంస్థ స్వయంగా తీసేసినవి. పాత ఇనుము వ్యాపారికి అవి లాభం, జనాన్ని ఎక్కించేవారికి కాదు.

ఇంకొక ముచ్చట. 2017 ఏప్రిల్ తర్వాత దేశమంతటా బీఎస్ నాలుగు, 2020 ఏప్రిల్ తర్వాత బీఎస్ ఆరు ఇంజన్లు మాత్రమే అమ్ముతున్నారు. వాటికి కంప్యూటర్ ఉంటుంది, చాలా వాటికి డీజిల్‌తో పాటు యూరియా ద్రావణం కూడా పోయాలి. లోపం వస్తే స్కానర్ పెట్టనిదే తెలియదు, ఊరి మెకానిక్కు అంతుచిక్కదు. అంతకు ముందటి బస్సును మన హుస్నాబాద్ మెకానిక్కులు రెండు పానాలతో విప్పగలరు. కాని అది పదిహేనేళ్ల గీతకు దగ్గరవుతుంది. ఎనిమిదేళ్లు దాటిన ప్రతి రవాణా వాహనానికీ ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. పదిహేనేళ్లు దాటిన భారీ వాహనాలకు ఆ ఫీజును కేంద్రం 2022లో బాగా పెంచింది. చౌక అనుకున్న బస్సు ధరలో ఈ ఖర్చును కూడా కలిపి చూసుకోవాలి.

కాగితాల విషయంలో మనవారు చూపే మొగమాటం అంతా ఇంతా కాదు. ‘ఆయన పెద్దమనిషి, తర్వాత ఇస్తాడు’ అని బస్సు తెచ్చుకుంటారు. ఫైనాన్స్ బాకీ తీరినట్టు పత్రం లేకుంటే బస్సు మన పేరు మీదికి మారదు. మూడు నెలలకొకసారి కట్టే పన్ను బకాయి ఉందా, చలాన్లు ఉన్నాయా అన్నది డబ్బులు ఇవ్వకముందే చూడాలి. కొన్నవారు ముప్పై రోజుల్లో పేరు మార్పించుకోవాలని చట్టం చెబుతున్నది. పేరు మారకముందే ప్రమాదం జరిగితే అమ్మినవాడూ కొన్నవాడూ ఇద్దరూ కోర్టు చుట్టూ తిరుగుతారు. నియోజకవర్గం 2016లో సిద్దిపేట, కరీంనగర్, వరంగల్ వైపులకు చీలిపోవడంతో ఏ పనికి ఏ కార్యాలయానికి పోవాలో తెలియక తిరిగేవారు ఇప్పటికీ ఉన్నారు.

బ్రేకుల సంగతి

అన్నిటికంటే ముఖ్యమైనది బ్రేకు. పెద్ద బస్సు బ్రేకు గాలితో పనిచేస్తుంది. ఇంజన్ తిరిగినప్పుడు కంప్రెసర్ గాలిని ట్యాంకుల్లో నింపుతుంది. పెడల్ తొక్కిన ప్రతిసారీ కొంత గాలి ఖర్చవుతుంది. గాలితో పాటు తేమ కూడా ట్యాంకులో చేరి నీరవుతుంది. కంప్రెసర్ అరిగితే ఆయిల్ కూడా చేరుతుంది. ట్యాంకు కింద ఉండే చిన్న మూతను రోజూ సాయంత్రం విప్పి ఆ నీటిని వదలాలి. రెండు నిమిషాల పని. చేసేవారు అరుదు. నీరు నిండిన ట్యాంకులో గాలికి చోటు తగ్గుతుంది, వాల్వులు తుప్పు పడతాయి, అవసరమైన నాడు బ్రేకు అందదు.

గాలి లీకవుతున్నదా అన్నది ఎవరైనా తెలుసుకోవచ్చు. గేజీ ముల్లు నిండే వరకు ఇంజన్ నడిపి, ఆపి, పది నిమిషాలు కూర్చోవాలి. ముల్లు కళ్లెదుటే దిగిపోతుంటే ఎక్కడో లీకు ఉంది. తర్వాత ఒకరు పెడల్ తొక్కి పట్టాలి, మరొకరు కింద చెవిపెట్టి వినాలి. బుస్సుమనే చోటే జబ్బు.

పల్లంలో డీజిల్ ఆదా చేద్దామని గేరు తీసి న్యూట్రల్‌లో వదిలే డ్రైవర్లు ఉన్నారు. కొందరు ఇంజనే ఆపేస్తారు. ఇంత ప్రమాదకరమైన ఆదా మరొకటి లేదు. గేరులో ఉంటే ఇంజన్ బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. న్యూట్రల్‌లో ఆ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. తొక్కిందే తొక్కితే డ్రమ్ములు కాలి, లైనర్లు పట్టు కోల్పోతాయి. ఇంజన్ ఆగితే గాలి నిండదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. ఆ బస్సులో పట్టేవారికంటే ఎంతో ఎక్కువ మంది ఉన్నారు. డిపో, మెకానిక్కులు, రోజువారీ తనిఖీల పద్ధతి ఉన్న సంస్థ బస్సుకే ఆ గతి పట్టింది. చింతచెట్టు కింద నిలిపే మన బస్సుకు తనిఖీ చేసేదెవరు? 1932లో నిజాం కాలంలో 27 బస్సులతో మొదలైన సంస్థ ఇన్నేళ్లు నిలబడ్డదంటే అది గ్యారేజీ బలంతోనే. ప్రైవేటుగా ఒక్క బస్సు కొన్నవారు ఆ గ్యారేజీ పనిని తామే చేసుకోవలసి ఉంటుంది.

బ్రేకుల తర్వాత టైర్లు. ముందు టైర్లకు రీట్రేడ్ వేసినవి వాడకూడదు. ముందు టైరు పగిలితే స్టీరింగ్ చేతిలో ఉండదు. గీతలు బాగానే ఉన్నాయని మురిసిపోవద్దు, టైరు వయసు కూడా చూడాలి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. నిలబడి నిలబడి ఎండకు పగుళ్లు వచ్చిన టైరు కొత్తదానిలా కనిపిస్తూనే దారిలో మోసం చేస్తుంది. కమాన్ కట్టల్లో పట్టీ విరిగిందా, యూ బోల్టులు బిగువుగా ఉన్నాయా, కింగ్‌పిన్‌కు, జాయింట్లకు గ్రీజు అందుతున్నదా అన్నది వారానికొకసారి చూస్తే చాలు. మన కంకర రోడ్ల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ మాత్రం పుస్తకంలో రాసిన గడువు దాకా ఆగదు.

వైరింగ్ విషయం అందరూ మరిచిపోతారు. పెండ్లి బస్సు అనగానే రంగు దీపాలు, పెద్ద స్పీకర్లు, టీవీ పెట్టిస్తారు. పాత తీగకే కొత్త తీగలు మెలిపెట్టి, ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టి నడిపిస్తారు. ఇరవై నాలుగు వోల్టుల రెండు బ్యాటరీల శక్తి ఆ తీగలో పోతుంటుంది. 2025 అక్టోబరు 24న కర్నూలు జిల్లా చిన్నటేకూరు వద్ద హైదరాబాద్ నుంచి బెంగళూరు పోయే ప్రైవేటు బస్సు తగలబడి ఇరవై మంది దాకా చనిపోయారు. అక్కడ నిప్పు మోటారు సైకిల్‌ను ఢీకొట్టడంతో మొదలైంది, వైరింగుతో కాదు. కాని నిప్పు ఎట్లా పుట్టినా, లోపలివారు బయటపడే దారి ఉండాలి. మన పెండ్లి బస్సుల్లో అత్యవసర ద్వారానికి అడ్డంగా అదనపు సీటో, వంటపాత్రలో పెడుతున్నారు. ఆ ద్వారం తెరుచుకుంటుందో లేదో ఎన్నేళ్లుగా ఎవరూ చూసి ఉండరు.

లెక్క వేసి చూస్తే

రానూపోనూ రెండు వందల కిలోమీటర్ల పెండ్లి కిరాయి అనుకుందాం. పాత బస్సు లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇస్తే యాభై లీటర్లు. డీజిల్‌కే దగ్గర దగ్గర ఐదు వేలు. డ్రైవర్, క్లీనర్ బత్తాలు, టోల్, భోజనాలు పోగా మిగిలినదాన్ని అందరూ లాభమంటారు. అది లాభం కాదు. అందులో టైర్ల అరుగుదల ఉంది, లైనర్ల అరుగుదల ఉంది, ఏటా వచ్చే ఫిట్‌నెస్, బీమా, పన్ను ఉన్నాయి. పెద్ద బస్సు టైరు ఒక్కటి ఇరవై వేలకు అటూ ఇటూ ఉంటుంది. అటువంటివి ఆరు, పైన స్టెప్నీ. భాగస్తులు ప్రతి కిరాయి నాడే డబ్బు పంచుకోవడం వల్ల టైరు పోయిన నాడు ఒకరి మొగం ఒకరు చూసుకుంటున్నారు. కిలోమీటరుకు ఇన్ని రూపాయలని బస్సు పేరు మీద బ్యాంకులో వేసి, దాన్ని ఎవరూ ముట్టకుండా కట్టుబాటు రాసుకున్నవారి బస్సులే నిలబడుతున్నాయి. కొనే డబ్బంతా కొనడానికే ఖర్చు పెట్టకూడదు. ఐదులో ఒక వంతు మొదటి మరమ్మతుకు చేతిలో ఉంచుకోలేనివారు ఈ పనికి దిగకపోవడమే మేలని నా అభిప్రాయం.

డ్రైవర్ గురించి ఒక్క మాట. రాత్రి పెండ్లికి తీసుకుపోయి, తెల్లవారి తిరిగి వచ్చి, పగలు మరొక కిరాయికి అదే మనిషిని పంపుతున్నారు. దావత్‌లో అతనికి మందు పోసేది కూడా పెండ్లివారే.

అధికారులు చేయవలసినది కూడా ఉంది. తనిఖీ అనగానే జరిమానా అనే భయం ఉన్నందున బస్సు యజమానులు అధికారిని చూసి దారి మళ్లుతున్నారు. సంక్రాంతికి ముందొకసారి, మాఘానికి ముందొకసారి హుస్నాబాద్‌లో ఒకరోజు శిబిరం పెట్టి, జరిమానా వేయకుండా లోపాలు చూపించి, బాగుచేసుకోవడానికి పదిహేను రోజుల గడువు ఇవ్వాలి. మన డిపోలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మెకానిక్కుల అనుభవాన్ని ఆ రోజుకు వాడుకోవచ్చు. 2023 డిసెంబరులో రవాణా శాఖ బాధ్యతలు తీసుకున్న పొన్నం ప్రభాకర్ ఈ నియోజకవర్గం నుంచే గెలిచినవారు. ఈ కోరికకు పెద్ద ఖర్చేమీ లేదు.

బస్సు కిరాయికి తీసుకునే పెండ్లివారు కూడా బయానా ఇచ్చే ముందు ధర ఒక్కటే అడుగుతున్నారు. ఫిట్‌నెస్ తేదీ, బీమా తేదీ, పర్మిట్ చూపించమనాలి. ఎన్ని సీట్లకు బీమా ఉందో అందులోనే రాసి ఉంటుంది. యాభై సీట్ల బస్సుకు ఎనభై మందిని ఎక్కించి, పైన బిందెలు, సారె కావిళ్లు కట్టమనేది మనమే గదా.