కులశేఖరపట్నంలో ఖగోళ శాస్త్రానికి వాటా తేల్చాలి

తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో సిద్ధమవుతున్న దేశపు రెండో రాకెట్ ప్రయోగ కేంద్రం నుంచి ఏటా నింగికెగసే ఉపగ్రహాల్లో కొన్నింటిని ఖగోళ పరిశోధనకే కేటాయించాలి. మొదటి రాకెట్ వేదిక ఎక్కకముందే ఆ కేటాయింపు రాతపూర్వకంగా ఖరారు కావాలి. 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరుపుకొన్న ఈ కేంద్రానికి వ్యయం 986 కోట్ల రూపాయలని అంచనా. దానికోసం సేకరించిన భూమి 2,200 ఎకరాల పైచిలుకు. ప్రయోగ వేదిక పనులకు 2025 ఆగస్టులో భూమిపూజ జరిగింది. ఏటా ఇరవైకి పైగా ప్రయోగాలు జరపాలన్నది ఇస్రో లక్ష్యం. చిన్న ఉపగ్రహాల మార్కెట్, ప్రైవేటు కంపెనీల రాక, ఉద్యోగాల గురించి చర్చ జోరుగానే సాగుతోంది. అదే జిల్లాలోని కోవిల్‌పట్టి, పొరుగున ఉన్న విరుదునగర్ ఆశలు పెట్టుకోవడం సహజం. వానకు ఎదురుచూసే నల్లరేగడి సేద్యం, అగ్గిపెట్టెల పని, శివకాశి టపాసుల పని తప్ప మరో ఆసరా అంతగా లేని సీమ ఇది. అయితే ఈ చర్చలో విజ్ఞాన ఉపగ్రహాల ఊసు తగినంతగా వినిపించడం లేదు. ఆ లోటు ఇప్పుడే పూడ్చాలి.

నక్షత్రాలను చూడటానికి టెలిస్కోపును అంతరిక్షానికి ఎందుకు మోసుకెళ్లాలన్న ప్రశ్నకు జవాబు భూమి వాతావరణంలోనే ఉంది. నక్షత్రాలు, పాలపుంతలు, కృష్ణబిలాల పరిసరాలు రేడియో తరంగాల నుంచి గామా కిరణాల దాకా అన్ని రకాల కాంతినీ వెదజల్లుతాయి. అందులో నేల దాకా చేరేది కంటికి కనిపించే వెలుగు, రేడియో తరంగాలు, పరారుణ కాంతిలో కొద్ది భాగం మాత్రమే. అతినీలలోహిత కిరణాల్లో ఎక్కువ భాగాన్ని ఓజోన్ పొర మింగేస్తుంది. ఎక్స్ కిరణాలు పైపొరల్లోనే ఆగిపోతాయి. ప్రాణికోటిని కాపాడే ఈ వాయుపొరే ఖగోళ శాస్త్రవేత్తకు అడ్డుగోడ. 1899లో మొదలైన కొడైకెనాల్ సౌర పరిశోధనాలయం ఎంత ఘనమైనదైనా ఆ గోడను దాటలేదు. సూర్యుడి మచ్చల చుట్టూ వాయువు బయటికి పారుతోందని జాన్ ఎవర్‌షెడ్ 1909లో కనిపెట్టింది ఆ కొండమీది నుంచే. అయినా సూర్యుడి బాహ్య వాతావరణమైన కరోనా వెదజల్లే ఎక్స్ కిరణాలు ఏ కొండమీదికీ దిగిరావు.

అందుకే 1990లో హబుల్, 1999లో చంద్ర, 2021లో జేమ్స్ వెబ్ భూమిని దాటి వెళ్లాయి. వీటిలో రెండోది మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న ఎక్స్ కిరణ టెలిస్కోపు. వెబ్ మరీ దూరం వెళ్లింది. పరారుణ కాంతి అంటే వేడి కాంతి కనుక, టెలిస్కోపు తన వేడితోనే తన చూపు చెడగొట్టుకోకుండా, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఐదు పొరల తెర చాటున చల్లబడి పనిచేస్తోంది. దానికి అయిన ఖర్చు సుమారు వెయ్యి కోట్ల డాలర్లు. అంత స్తోమత భారత్‌కు ఇప్పుడు లేదు, అంత పెద్దది అవసరమూ లేదు.

భారత్ ఈ దారిలో నడక మొదలుపెట్టింది చాలా ముందే. టాటా మూల పరిశోధన సంస్థ హైదరాబాద్ నుంచి ఎగరేసిన భారీ బెలూన్లు ఎక్స్ కిరణ పరికరాలను వాతావరణం పైఅంచుల దాకా తీసుకెళ్లాయి. 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్‌పై వెళ్లిన తొలి ఉపగ్రహం ఆర్యభట్ట, 360 కిలోల బరువుతో, ఎక్స్ కిరణ ఖగోళ పరికరాన్ని మోసింది. విద్యుత్ సరఫరాలో లోపంతో ఆ ప్రయోగాలు కొద్ది రోజుల్లోనే ఆగిపోయాయి. పూర్తిగా ఖగోళ పరిశోధనకే అంకితమైన తొలి భారతీయ ఉపగ్రహం ఆస్ట్రోశాట్ శ్రీహరికోట నుంచి లేచింది 2015 సెప్టెంబర్ 28న. మధ్యలో గడిచినవి నలభై ఏళ్లు. బెలూన్ల దగ్గర చేయి తిరిగిన నిపుణులు ఉన్నా, తర్వాత సొంత రాకెట్ వచ్చినా, నలభై ఏళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. సమాచార, భూపరిశీలన ఉపగ్రహాలు ముందువరుసలో నిలిచినప్పుడల్లా ఖగోళ శాస్త్రం వెనక్కి జరగడమే దీనికి ప్రధాన కారణం. కులశేఖరపట్నంలోనూ అదే జరగకూడదు.

ఆస్ట్రోశాట్ చేసిన పనిలో ఒక్కదాన్ని దగ్గరగా చూస్తే చిన్న టెలిస్కోపు సత్తా ఏమిటో తెలుస్తుంది. దాని అతినీలలోహిత టెలిస్కోపులు రెండే, ఒక్కోదాని వ్యాసం 38 సెంటీమీటర్లు. హబుల్ అద్దం 2.4 మీటర్లు. 2016 అక్టోబర్‌లో ఆస్ట్రోశాట్ ఆకాశంలోని ఒక చిన్న భాగాన్ని 28 గంటలకు పైగా గమనించింది. వచ్చిన సమాచారాన్ని పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ ఐయూకా శాస్త్రవేత్త కనక్ సాహా బృందం రెండేళ్లకు దగ్గరగా జల్లెడపట్టింది. మసక మచ్చ నిజమైన పాలపుంత కాంతా, లేక పరికరపు సొంత రొదా అన్న సందేహం తీరాకే ఫలితాన్ని 2020లో ప్రకటించింది. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఒక పాలపుంత నుంచి హైడ్రోజన్ పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను విడదీయగల తీవ్ర అతినీలలోహిత కాంతి వస్తోందని తేలింది. తొలినాటి విశ్వంలో చీకటి తొలగించిన కాంతి ఎక్కడిదన్న పెద్ద ప్రశ్నకు ఇలాంటి పాలపుంతలే ఆధారం. హబుల్‌కు ఆ కాంతి అందలేదు. ఆస్ట్రోశాట్ డిటెక్టర్‌లో రొద చాలా తక్కువ కనుక అందింది. అద్దం పరిమాణం ఒక్కటే గెలుపును తేల్చదు. శ్రద్ధగా ఎంచుకున్న ప్రశ్న, నిశ్శబ్దంగా పనిచేసే డిటెక్టర్, తొందరపడని పరిశీలన కలిస్తే చిన్న అద్దం కూడా కొత్త చోటు చూస్తుంది.

ఆ ఉపగ్రహాన్ని నిర్మించింది ఐదేళ్ల పనికోసం. ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. సమీప అతినీలలోహిత చానల్ 2018లోనే మూగబోయింది. తర్వాత 2023 సెప్టెంబర్ 2న సూర్యుడి కోసం ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 1న ఎక్స్ కిరణాల ధ్రువణాన్ని కొలిచే ఎక్స్‌పోశాట్ వెళ్లాయి. రెండూ మంచి అడుగులే. కానీ అవి ఆస్ట్రోశాట్ వదిలే అతినీలలోహిత ఖాళీని పూరించవు. ఆ ఖాళీ కోసం భారత ఖగోళ భౌతిక సంస్థ తలపెట్టిన మీటరు వ్యాసపు టెలిస్కోపు ఇన్సిస్ట్, గామా కిరణ విస్ఫోటాలను పట్టే జంట ఉపగ్రహాల ప్రతిపాదన దక్ష ఏళ్లుగా నలుగుతున్నాయి. ఇంత తాత్సారం జరిగితే పరికరాలు చేసే చేతులు ఇతర కొలువుల్లోకి వెళ్లిపోతాయి, వాటిని మళ్లీ కూడగట్టడానికి మరో పదేళ్లు పడుతుంది.

కులశేఖరపట్నం ఈ చిక్కును సడలించగలదు, కారణం భౌగోళికం. శ్రీహరికోట నుంచి ధ్రువ కక్ష్యకు వెళ్లే రాకెట్ శ్రీలంక మీదుగా ఎగరకూడదు కనుక చుట్టూ తిరిగి వంపు తీసుకోవాలి. ఆ వంపు ఇంధనాన్ని తింటుంది. పెద్ద రాకెట్ ఆ భారాన్ని తట్టుకుంటుంది, 120 టన్నుల చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీకి అది మోయలేని బరువు. కులశేఖరపట్నం నుంచి దక్షిణంగా అంతా సముద్రమే, రాకెట్ నేరుగా వెళ్తుంది. పగలు రాత్రి కలిసే అంచు వెంబడి తిరిగే ధ్రువ కక్ష్యలో ఉపగ్రహానికి సూర్యుడు ఎప్పుడూ ఒకే పక్క ఉంటాడు. ఏడాదిలో ఎక్కువ కాలం సౌర ఫలకాలకు వెలుగు తగ్గదు, వేడి చలుల మార్పు పరికరాన్ని వణికించదు. యూరప్ పంపిన కియాప్స్ 300 కిలోల లోపు ఉపగ్రహం, 32 సెంటీమీటర్ల టెలిస్కోపుతో అలాంటి కక్ష్యలోనే 2020 నుంచి ఇతర నక్షత్రాల గ్రహాలను కొలుస్తోంది. ఒకే నక్షత్రం చుట్టూ లయబద్ధంగా తిరిగే ఐదు గ్రహాల గొలుసును అది బయటపెట్టింది. అమెరికా 2013లో పంపిన సౌర పరిశీలన ఉపగ్రహం ఐరిస్ 200 కిలోల లోపే, దాని టెలిస్కోపు 20 సెంటీమీటర్లు. రెండూ ఎస్ఎస్ఎల్‌వీ మోయగల తరగతికి చెందినవే.

ఒక పరిమితి ఉన్న మాట దాచక్కర్లేదు. ఎక్స్ కిరణ ఉపగ్రహాలకు భూమధ్యరేఖకు దగ్గరి కక్ష్య మేలు. దక్షిణ అట్లాంటిక్ పైని ఆవేశిత కణాల తాకిడి వాటి డిటెక్టర్లను ఇబ్బంది పెడుతుంది కనుకే ఆస్ట్రోశాట్, ఎక్స్‌పోశాట్‌లను 6 డిగ్రీల వంపున్న కక్ష్యలో ఉంచారు. ఆ దారి శ్రీహరికోటదే. కులశేఖరపట్నానికి సూర్యుడు, అతినీలలోహిత, పరగ్రహ పరిశీలనలు అప్పగిస్తే రెండు కేంద్రాల మధ్య పని విభజన చక్కగా కుదురుతుంది.

డబ్బు తెచ్చే ప్రయోగాలను కాదని ఉచిత సీట్లివ్వడమేమిటని కొందరు అడుగుతారు. ప్రజల భూమి, ప్రజల సొమ్ముతో కట్టిన వేదిక ఇది. పొరుగునున్న మణప్పాడు లాంటి ఊళ్ల మత్స్యకారులు ప్రయోగం రోజున వేటకు వెళ్లకుండా ఒడ్డునే ఉండాల్సి వస్తుంది. వారి నష్టం ముందే లెక్కగట్టి, ప్రయోగానికి ముందే చెల్లించాలి. అంతమంది భారం పంచుకున్న చోట అంతా అద్దెకిస్తామనడం న్యాయం కాదు. మార్కెట్ కోరని పనిని చేయించడానికే ప్రభుత్వం ఉన్నది, ఆకాశాన్ని శోధించడం అలాంటి పనే. ఖర్చు కూడా హద్దు దాటదు. ఆస్ట్రోశాట్‌కు అయినది సుమారు 178 కోట్ల రూపాయలు.

ఈ సీమకు అందులో భాగం ఉండాలని కోరడం అత్యాశ కాదు. ఆదిత్య-ఎల్1 ప్రయోగ సమయంలో ప్రాజెక్టు డైరెక్టర్‌గా ఉన్న నిగార్ షాజీ పశ్చిమ కనుమల పాదాన ఉన్న సెంగోట్టై ఆడపడుచు, తిరునెల్వేలి ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల పూర్వ విద్యార్థిని. రెండు ఎస్ఎస్ఎల్‌వీ ప్రయోగాల్లో వెళ్లిన ఆజాదీశాట్‌ల పరికరాలు రూపొందించిన ప్రభుత్వ బడుల బాలికల్లో విరుదునగర్ నుంచి మదురై వెళ్లే దారిలోని తిరుమంగళం విద్యార్థినులూ ఉన్నారు. 2022 ఆగస్టులో మొదటి ఉపగ్రహం కక్ష్య తప్పి నష్టపోయినా, 2023 ఫిబ్రవరిలో రెండోది విజయవంతంగా చేరింది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే పిల్లలున్న కోవిల్‌పట్టి, విరుదునగర్, రాజపాళయం ప్రాంతాల్లో ఇంజనీరింగ్ కళాశాలలకు లోటు లేదు. వారికి కావాల్సింది అక్కరకొచ్చే ఒక అవకాశం. బెంగళూరులో ఉన్నవారికి వీలున్నట్టే వీరికీ ఉండాలి.

కేంద్ర అంతరిక్ష శాఖ చేయాల్సింది స్పష్టం. మొదటి ఐదేళ్లలో ఏటా కనీసం రెండు ఎస్ఎస్ఎల్‌వీ ప్రయోగాలను ఖగోళ, సౌర పరిశోధనకు కేటాయించాలి. ప్రతిపాదనలను బహిరంగంగా పిలిచి, ఎంపికలో పరికరపు నాణ్యతను, ప్రశ్న విలువను స్వతంత్ర శాస్త్రజ్ఞుల బృందంతో తూచాలి. ఎంపికైన ఉపగ్రహానికి నిర్మాణ నిధి, ప్రయోగం, కక్ష్యలో నిర్వహణ, భూకేంద్రం సేవ, సమాచార నిల్వ అన్నీ ఒకే మంజూరులో ఇవ్వాలి. ఒక్కటి విడిగా వదిలేసినా ఉపగ్రహం మధ్యలో ఆగిపోతుంది. సాంకేతిక హక్కులు హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు ఇచ్చిన ఎస్ఎస్ఎల్‌వీ ఒప్పందంలోనూ ఈ రెండు ప్రయోగాలకు చోటు కల్పించాలి. ప్రయోగం జరిగిన ఏడాదిలోపు సమాచారాన్ని దేశంలోని ఏ కళాశాలైనా దించుకునే వీలుండాలి. వచ్చే బడ్జెట్ పత్రాల్లో దీనికి ప్రత్యేక పద్దు కనిపించాలి.